మద్రాసు నుంచి వచ్చిన కాగితం

గోదావరి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న కాలంలో విషప్రయోగం అనుమానం కలిగితే, శవపరీక్ష చేసిన డాక్టరు జీర్ణాశయాన్నీ అందులోని పదార్థాన్నీ, కాలేయంలోనూ మూత్రపిండాల్లోనూ కొంత భాగాన్నీ సీసాల్లో భద్రపరచి, మూతలకు లక్క ముద్రలు వేయించి, 1849లో మద్రాసులో ఏర్పడిన ప్రభుత్వ రసాయన పరీక్షకుడి ప్రయోగశాలకు పంపించేవాడు. చంపినది పాషాణమో, పచ్చగన్నేరు పప్పో, ఉమ్మెత్త గింజో తేలవలసింది అక్కడే. డాక్టరు సాధారణంగా రాజమండ్రి సెషన్స్ కోర్టులో బోనెక్కి, ముద్దాయి తరఫు వకీలు వేసే క్రాస్ ప్రశ్నలకు, అంటే సాక్ష్యంలోని లొసుగులు బయటపెట్టడానికి ఎదుటిపక్షం అడిగే ప్రశ్నలకు, జవాబు చెప్పుకోవలసి వచ్చేది. రసాయన పరీక్షకుడు మాత్రం రానక్కర లేదు, ఆయన సంతకం చేసిన నివేదికనే 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 510వ సెక్షన్ సాక్ష్యంగా అంగీకరించింది. ప్రెసిడెన్సీలోని ప్రతి కోర్టుకూ ఆయన తిరుగుతూ కూర్చుంటే సీసాలు తెరిచేవాడే ఉండడన్న వాదన సమంజసమైనదే. కాని ముద్ర చెదరకుండా సీసా చేరిందా, ఏ పరీక్ష చేశారు, దొరికిన విషం ప్రాణం తీసేటంత ఉందా అని అడిగితే కాగితం పలకదు.

కోర్టుకు రానివాడి మాట విషయం ఈ ప్రాంతపు మరో కేసులో అప్పటి చివరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1937 మార్చిలో పూరీ స్టేషన్లో, రైలు పెట్టెలోని ట్రంకులో ముక్కలుగా దొరికిన శవం పిఠాపురం మనిషిది; బరంపురం వెళ్తున్నానని అతడు భార్యతో అన్న మాట సాక్ష్యంగా చెల్లుతుందని, ముద్దాయి పాకాల నారాయణస్వామి అప్పీలులో 1939లో లార్డ్ అట్కిన్ తీర్పు చెప్పాడు. చచ్చినవాణ్ణి బోనెక్కించలేరు గనుక ఆ మినహాయింపు తప్పనిసరి; బతికి ఉద్యోగం చేస్తున్న నిపుణుడికి అంతటి మినహాయింపు ఎందుకో చెప్పడం కష్టం.

510వ సెక్షన్‌కు 1955లో వచ్చిన సవరణ ఈ లోపాన్ని కొంత సరిదిద్ది, ప్రాసిక్యూషన్ గాని ముద్దాయి గాని దరఖాస్తు పెట్టుకుంటే నివేదిక రాసినవాణ్ణి పిలిపించి తీరాలన్నది. 1973 కోడ్ 293వ సెక్షన్‌లో ఆ మాట ఎగిరిపోయి, కోర్టుకు తగునని తోస్తే పిలవవచ్చునన్నది ఒక్కటే మిగిలింది. పైగా తనకు బదులు కేసు సంగతులు తెలిసిన మరో అధికారిని పంపే వీలూ నిపుణుడికి దక్కింది. ప్రయాణం గగనమైన రోజుల్లో పుట్టిన వెసులుబాటు, రైళ్లూ రోడ్లూ వచ్చాక ముద్దాయి హక్కును మింగడం విచిత్రం. అమెరికా సుప్రీంకోర్టు 2009లో మెలెండెజ్-డియాజ్ కేసులో ఇందుకు విరుద్ధంగా, ప్రయోగశాల నివేదిక రాసినవాణ్ణి ఎదురుగా ప్రశ్నించే హక్కు ముద్దాయికి ఉందని తేల్చింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్ ప్రకారమూ, నిపుణుణ్ణి పిలవాలా వద్దా అన్నది కోర్టు ఇష్టమే.