మన కొండలలో నర్సమ్మ పని – నాడు, నేడు

అరకులోయ, పాడేరు, అనంతగిరి ప్రాంతములలో మనము నర్సును "నర్సమ్మ" అనియే పిలుచుచున్నాము. పిలుపు అట్లే యున్నది గాని, ఆమె పని చాలా మారినది.

తొలి దినములలో గాయము కడుగుట, రోగికి గంజి పట్టుట, డాక్టరుగారి ఆజ్ఞ పాటించుటయే నర్సు ధర్మమని తలచిరి. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టము వచ్చి, దేశమంతటికి ఒకే విధమైన శిక్షణా ప్రమాణమునకు దారి చేసెను. పల్లెలకు వచ్చిన ఏ.ఎన్.ఎం. ముఖ్యముగా తల్లీబిడ్డల కొరకు నియమింపబడినది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెను బహుళార్థ ఆరోగ్య కార్యకర్తగా మార్చవలెనని చెప్పెను. అటుపిమ్మట కాన్పులతో పాటు టీకాలు, మలేరియా రక్తపరీక్ష, కుటుంబ నియంత్రణ, రిజిస్టర్లు అన్నియు ఆమె మీదనే పడినవి.

మైదానములో 5,000 జనాభాకు, కొండలలో 3,000 జనాభాకు ఒక ఉపకేంద్రమని లెక్క. కాని ఆ 3,000 మంది కొండకు కొందరు, వాగుకు కొందరుగా నుందురు. దారిలేని చోట గర్భిణిని నేటికిని డోలీలో మోయుచున్నారు. ఆలస్యమైనచో ముందుగా మాట పడునది నర్సమ్మయే.

పూర్వము ఆమెనుండి విధేయత కోరితిమి. ఇప్పుడు సామర్థ్యము కోరుచున్నాము. కోరుట న్యాయమే. దారి, మందులు, తోడు లేకుండ కోరుట న్యాయమా? మన కుమార్తెలును నర్సింగునకు వెళ్లుచున్నారు గనుక, ఈ మాట మనమే ముందుగా అధికారులకు చెప్పవలసియున్నది.