ఇంటిగుట్టు – డిటెక్టివు విచర్ చరిత్రము

కన్నడదేశమున తరతరములుగా నివసించుచున్న మన తెలుగువారు "పత్తేదారి కాదంబరి" అను మాటను, తమిళదేశమున నున్నవారు "తుప్పరియుం నావల్" అను మాటను ఇరుగుపొరుగు వారి నోట వినుచు, ఇంటిలో మాత్రము తెలుగు అపరాధ పరిశోధక నవలలను చదువుచు పెరిగిరి. మదరాసునుండి వెలువడిన చిన్న పుస్తకములను పాఠ్యగ్రంథముల నడుమ దాచుకొని చదివినవారు మన సంఘములలో ఎందరో కలరు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ పేరు వినగానే నేటికిని పెద్దల ముఖములు వికసించును. అయితే ఈ జాతి నవలలలో ఒక విశేషము కలదు. డిటెక్టివు ఎల్లవారి ఇండ్లలోను ప్రవేశించును. అతని యిల్లు మాత్రము పాఠకునకు కనబడుట అరుదు. అతనికి జబ్బు చేయదు, అవమానము నిద్ర చెరుపదు, రేపటి జీవనమునుగూర్చిన చింత ఉండదు. నిజముగా అట్టి వృత్తిలో నున్న మానవుని జీవితమెట్టిదో తెలుపుటకై, ఈ కథాజాతికి మూలపురుషులలో నొకడైన జోనథన్ విచర్ చరిత్రమును ఈ వ్యాసమున వివరింప నెంచితిని.

ఎక్కడో ఇంగ్లండులోని పోలీసు ఉద్యోగితో మనకేమి సంబంధమని చదువరులు ప్రశ్నింపవచ్చును. సంబంధము మన గడ్డమీదనే మొదలగుచున్నది. 1799 మే 4వ తేదీన ఆంగ్లసైన్యములు శ్రీరంగపట్టణపు కోటను పట్టుకొనెను. టిప్పు సుల్తాను ఆనాడే మరణించెను. ఆ పిమ్మట జరిగిన దోపిడి చరిత్రప్రసిద్ధము. విల్కీ కాలిన్స్ అను ఆంగ్ల నవలాకారుడు 1868లో రచించిన "మూన్‌స్టోన్" అను నవల ఆ దోపిడితోనే ప్రారంభమగును. అందు ఒక ఆంగ్ల సైనికోద్యోగి హత్య చేసి అపహరించిన వజ్రము ఇంగ్లండునకు చేరి, ఒక సంపన్న గృహమును కలత పెట్టును. ఆ వజ్రము కల్పితమే. కాని, దానిని ఊహించుటకు తనకు ఆధారమైనవి కోహినూరును, రష్యా చక్రవర్తి రాజదండమున పొదిగిన వజ్రమును అని రచయితయే పీఠికలో చెప్పుకొనెను. ఆ రెండింటికిని పుట్టినిల్లు కృష్ణాతీరమందలి కొల్లూరు గనులని పరంపరగా చెప్పుదురు. ఈ విధముగా కృష్ణాతీరపు వజ్రమును, కావేరీతీరపు కోటయు ఆంగ్ల డిటెక్టివు నవలకు పునాదిరాళ్లయినవి. ఆ నవలలో వజ్రమును వెదకవచ్చిన సార్జెంటు కఫ్ అను పాత్రకు మాతృక మన కథానాయకుడైన విచరే.

విచర్ 1814లో లండను సమీపమునందలి కాంబర్‌వెల్ గ్రామమున ఒక తోటమాలి యింట జన్మించెను. 1837లో లండను మహానగర పోలీసుదళమున కానిస్టేబులుగా చేరెను. 1842లో ఆ దళమున మొట్టమొదటి డిటెక్టివు శాఖ ఏర్పడినపుడు అందు నియమింపబడినవారు ఎనమండుగురు మాత్రమే. వారిలో విచర్ ఒకడు. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. ముఖముపై మశూచికపు మచ్చలు కలవు. చార్లెస్ డికెన్స్ 1850లో తన పత్రికలో లండను డిటెక్టివులనుగూర్చి వ్రాయుచు, ఇతనిని పేరు కొంచెము మార్చి చిత్రించెను. తోటి యుద్యోగులలో అతని కీర్తి అంతటిది. గృహజీవితము మాత్రము అతనికి కుదురుకొనలేదు. అనేక సంవత్సరములు వెస్ట్‌మిన్‌స్టర్ ప్రాంతమున అద్దె బసలోనే కాలము గడపెను. పరుల యిండ్ల తలుపులు తట్టుటయే వృత్తియైన వానికి, తన దని చెప్పుకొనదగిన గడప లేకుండెను.

1860 జూన్ 29వ తేదీ రాత్రి విల్ట్‌షైరు, సోమర్‌సెట్ మండలముల సరిహద్దునందలి రోడ్ అను గ్రామమున ఒక ఘోరము జరిగెను. కర్మాగారముల తనిఖీశాఖలో సబ్ ఇన్‌స్పెక్టరుగా నున్న సామ్యూల్ కెంట్ అను గృహస్థుని కుమారుడు, నాలుగేండ్లయినను నిండని శావిల్ అను బాలుడు, దాది గదిలోని పడకనుండి మాయమయ్యెను. మరునాటి ఉదయము తోటలోని పనివారి మరుగుదొడ్డిలో, కంఠము కోయబడి, ఆ పసివాని శవము దొరకెను. తలుపులన్నియు లోపలనుండి మూయబడియే యుండెను. హాలు కిటికీ యొక్కటి మాత్రము కొంత తెరచియుండెను. బయటివాడు లోనికి వచ్చిన జాడలు లేవు. హంతకుడు ఇంటివారిలో నొకడే యను ననుమానము ఊరంతయు వ్యాపించెను.

ఆ యింటికి ఒక పూర్వకథ కలదు. కెంట్ మొదటి భార్య 1852లో మరణించెను. మరుసటి యేడు అతడు, తన పిల్లలకు చదువు చెప్పుటకు ఇంటిలో నియమించుకొనిన ఉపాధ్యాయినినే వివాహమాడెను. మొదటి భార్య పిల్లలలో కాన్‌స్టన్స్ అను బాలికయు, విలియం అను ఆమె తమ్ముడును ఆ మార్పునకు మనసున కుమిలిరి. 1856లో కాన్‌స్టన్స్ తన జుట్టును కత్తిరించి అదే మరుగుదొడ్డిలో పడవైచి, మగపిల్లవాని వేషముతో తమ్మునితో కలిసి ఇల్లు విడిచి పారిపోయి, పట్టుబడినది. హతుడైన పసివాడు సవతితల్లి కుమారుడు. ఇంటిగుట్టు లంకకు చేటని మనవారందురు. ఆ సామెతలోని భయమే ఆనాడు ఆంగ్ల గృహస్థులను కూడ ఆవరించియుండెను. తన యిల్లు తనకు కోట యని వారి నమ్మకము. ఆ కోటలోనికి కూలివాని కుమారుడైన పోలీసువాడు వచ్చి, ఆడుబిడ్డల బట్టలపెట్టె తెరచుట వారికి హత్యకంటె తక్కువ ఘోరముగా తోచలేదు.

స్థానిక పోలీసుల వర్తనమే ఇందుకు సాక్ష్యము. హత్య తెలిసిన నాటి రాత్రి కాపలాకు వచ్చిన ఇద్దరు పోలీసులను కెంట్ వంటయింటిలో నుంచి బయట గడియ వేసెను. పైగా, ఆ వంటయింటి పొయ్యిగూటిలో నెత్తుటి మరకలు గల ఆడువారి లోవస్త్రమొకటి పోలీసుల కంటబడి, పిమ్మట మాయమయ్యెను. తమ అశ్రద్ధ బయటపడునను భయముతో వారు ఆ సంగతిని దాచిపెట్టిరి.

రెండు వారములు గడచిన పిదప, జూలై మధ్యమున విచర్ లండనునుండి పంపబడెను. ముఖ్యమైన సాక్ష్యమొకటి తనకు తెలియకుండ దాచబడెనని అతడెరుగడు. అతని దృష్టి ఒక చిన్న లెక్కమీద నిలిచెను. కాన్‌స్టన్స్‌కు రాత్రివేళ తొడుగుకొను అంగీలు మూడు. ఇప్పుడు రెండే కలవు. మూడవది చాకలి బుట్టలో వేసితిననియు, చాకలామె పోగొట్టినదనియు ఇంటివారి మాట. తనకు చేరనే లేదని చాకలామె మాట. విచర్ ఊహ యేమనగా: నెత్తురంటిన అంగీని కాన్‌స్టన్స్ నాశనము చేసినది. ఆ లోపమును కప్పిపుచ్చుటకు, బుట్టలో వేసి పద్దు వ్రాయించిన మరియొక అంగీని తిరిగి రహస్యముగా తీసికొని, నేరమును చాకలామె మీదికి నెట్టినది. ఈ యూహను ఆధారము చేసికొని, జూలై 20వ తేదీన పదునారేండ్ల కాన్‌స్టన్స్‌ను అతడు నిర్బంధించెను.

వారము దినములలో విచారణ ముగిసెను. ఆమె పాఠశాల చెలికత్తెలు, తండ్రి రెండవ సంతానమునుగూర్చి ఆమె పలికిన కినుకమాటలను చెప్పిరి. కాని పోయిన అంగీ దొరకలేదు. దొరకని వస్తువును చూపి ఒక గౌరవస్థుని కుమార్తెను హంతకురాలనుటా యని ప్రతివాది పక్షపు న్యాయవాది విచర్ మీద విరుచుకుపడెను. సభలోనివారు హర్షించిరి. జామీనుపై కాన్‌స్టన్స్ ఇల్లు చేరెను. విచర్ రిక్తహస్తములతో లండను చేరెను. ధనాశతో పసిపిల్లను బలిచేయజూచెనని పత్రికలు నిందించెను. శరత్కాలమున దాది నిర్బంధింపబడి, ఆమెయు విడుదల నొందెను. వంటయింటి లోవస్త్రము సంగతి బయటపడునప్పటికి కొన్ని నెలలు గడచెను. అప్పటికి విచర్ కీర్తి తిరిగి రాని విధముగా చెడిపోయియుండెను.

అతడు మాత్రము తన నిర్ణయమును మార్చుకొనలేదు. మార్చుకొనియుండినచో బహుశః సుఖపడియుండెడివాడు. 1861లో కింగ్స్‌వుడ్ గ్రామపు హత్య విచారణయు అతనికి అప్పగింపబడెను. అందు నిందితుడు నిర్దోషిగా విడుదలయ్యెను. దెబ్బమీద దెబ్బ తగిలెను. 1864 మార్చిలో, నలువది తొమ్మిదవ యేట, అతడు ఉద్యోగమునుండి విరమించెను. మెదడునకు నెత్తురు ఎక్కిన రుగ్మత యని కారణము వ్రాయబడెను. సాలునకు 133 పౌన్ల 6 షిల్లింగుల 8 పెన్నీల పింఛను లభించెను. మనోవేదనకు ఆనాటి వైద్యులు పెట్టిన పేరు అది యని మనము గ్రహింపవచ్చును. ఒకని యింటి దుఃఖమును వెదకబోయిన వాడు అవమానభారముతో అద్దె గదికి తిరిగి వచ్చి, ఆ భారమును దించుకొనుటకు తోడు లేక నలిగిపోయెను.

మరుసటి యేడు, 1865 ఏప్రిల్ 25వ తేదీన, లండనులోని బౌ వీధి న్యాయస్థానమునకు నల్లని దుస్తులతో ఒక యువతి వచ్చెను. ఆమె కాన్‌స్టన్స్ కెంట్. తమ్ముడు శావిల్‌ను తానే ఒంటరిగా చంపితినని అంగీకరించెను. బ్రైటనులోని ఒక క్రైస్తవ ఆశ్రమమున ఉండగా ఆమె మనస్సాక్షి మేల్కొనెనట. జూలైలో సాల్స్‌బరీ న్యాయస్థానమున మరణశిక్ష విధింపబడి, పిమ్మట అది యావజ్జీవ కారాగారవాసముగా మార్చబడెను. ఇరువది సంవత్సరముల పిదప, 1885లో విడుదలయై, ఆమె పేరు మార్చుకొని ఆస్ట్రేలియా చేరి, రోగులకు శుశ్రూష చేయుచు జీవించి, 1944లో నూరేండ్లు నిండిన పిదప మరణించెను.

విచర్ ఊహ నిజమయ్యెను. కాని ఆ నిజము అతని ఉద్యోగమును తిరిగి తేలేదు. ఆరోగ్యమును తెచ్చినదా యన్నచో, కొంత తెచ్చినదనియే తోచుచున్నది. 1866లో అతడు తన బస యజమానురాలైన షార్లెట్ పైపర్ అను వితంతువును వివాహమాడెను. ఏబది యేండ్లు దాటిన పిదప అతనికి ఒక ఇల్లు కుదిరెను. ఆ ఇంటినుండియే అతడు మరల పరిశోధనకు పూనుకొనెను. టిచ్‌బోర్న్ వంశపు ఆస్తికి తానే వారసుడనని ఆస్ట్రేలియానుండి వచ్చిన ఒక వ్యక్తి, 1866 క్రిస్మసు దినమున లండనులోని వాపింగ్ పేటకు పోయి, ఆర్టన్ అను కసాయి కుటుంబమునుగూర్చి విచారించెనను సంగతిని వెలికి తీసినవాడు విచరే. ఆ దొంగ వారసుడు 1874లో శిక్షింపబడెను. విచర్ 1881లో, అరువది యారవ యేట మరణించెను.

ఇప్పుడు మూన్‌స్టోన్ నవలకు మరలుదము. రోడ్ గ్రామపు నెత్తుటి అంగీ అందు రంగు మరక పడిన అంగీగా మారినది. పరువు గల ఇంటి కన్నెను అనుమానించు డిటెక్టివును, ఇంటివారి అలుకయు అట్లే నిలిచినవి. అయితే కాలిన్స్ రెండు మార్పులు చేసెను. కథలోని కఫ్ మొదట పొరపడి, పిదప దిద్దుకొనును. నిజమైన విచర్ మొదటనే సరిగా చెప్పి దండన పొందెను. రెండవది, కఫ్‌కు గులాబీలన్న ప్రాణము. ఉద్యోగము విడిచి తోట పెంచుకొనుచు హాయిగా నుండును. తోటమాలి కుమారుడైన విచర్‌కు జీవితము ఇయ్యని శాంతిని నవల అతని ఛాయకు ప్రసాదించినది. ఆ నవల వారము వారము వెలువడుచుండగానే, 1868 మార్చిలో, రచయిత తల్లి మరణించెను. అతడు వాతరోగముతో మంచము పట్టి, నల్లమందు రసము సేవించుచు కథ చెప్పి వ్రాయించెను. ఇంటి దుఃఖమును మ్రింగికొని వృత్తిధర్మము నెరవేర్చుట యెట్టిదో అతడు పుస్తకములు చూచి నేర్చుకొనవలసిన పని లేకపోయెను.

మన సంఘములలో పోలీసు కొలువు చేసిన పెద్దలు గల కుటుంబములు పెక్కులు. పరభాషాప్రాంతములలో, ఊరూరు మారుచు, పండుగనాడు ఇంట లేక, ఇంటిలో రోగి యుండగా ఎవరి శవపంచాయితీకో పోయిన తండ్రులను, తాతలను ఎరిగినవారు ఈ సంచికను చదువువారిలో నుందురు. నేరము దొరకిన నాడు ఊరు మెచ్చును. దొరకని నాటి నింద ఇంటికి వచ్చును. కేసు పుస్తకమున అధికారి పోయిన చోటు, చూచిన వస్తువు, విన్న మాట అన్నియు ఎక్కును. అతడు ఇంటిలో విడిచి వచ్చిన దానికి మాత్రము అందు పుట లేదు. చరిత్రకారుడు ఆ పుటను గూడ వ్రాయవలెను. విచర్ జీవితము మనకు బోధించునది ఇదియే: సత్యము ఐదేండ్లు ఆలస్యముగా వచ్చినను సత్యమే, కాని ఆ ఐదేండ్ల వడ్డీని చెల్లించినవాడు ఒక్కడే.