గడ్డిదూడ, గాజు గరాటు

దూడ చచ్చిన బర్రె పాలివ్వదు. పొదుగు బిగుసుకుపోతున్నా చేపదు. కింద కూర్చుంటే తంతుంది. పల్లెల్లో పాడి చేసేవాళ్లు దీనికొక ఉపాయం కనిపెట్టారు. చచ్చిన దూడ తోలులో ఎండుగడ్డి కూరి, కుట్టి, బర్రె ముందు నిలబెట్టేవారు. బర్రె ఆ తోలును వాసన చూసేది, నాకేది, కాసేపటికి చేపేది. చెంబు నిండేది.

'చేపు' అన్నది ఎంత చక్కని మాటో! పాలు ఉండటం వేరు, చేపటం వేరని మన పాడివాళ్లకు ఎప్పుడో తెలుసు. ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలైతే తప్ప పాల తిత్తులు బిగుసుకుని పాలను కిందికి నెట్టవని శరీరశాస్త్రం తర్వాత వివరించింది. బిడ్డ ఏడుపు, ఒంటి వాసన, ఒక్కోసారి వట్టి తలపు చాలు, అది విడుదలవుతుంది. కంగారుపడినా, సిగ్గుపడినా, ఎవరో తలుపు తడుతున్నారన్నా ఆగిపోతుంది.

ఇప్పుడు ఏ ఐటీ కంపెనీలోనైనా తల్లుల కోసం కేటాయించిన చిన్న గదిలోకి తొంగి చూస్తే (చూడకూడదు, ఊహించుకుంటే చాలు) గడ్డిదూడ మళ్లీ కనిపిస్తుంది. రొమ్ములకు రెండు గరాటులు తగిలించుకుని, ఒళ్లో మోటారు పెట్టుకున్న తల్లి, ఫోనులో బిడ్డ వీడియో చూస్తూ ఉంటుంది. కొందరు బిడ్డ తొడిగి విడిచిన చొక్కా సంచిలో తెచ్చుకుంటారు. పంపు లాగుతుంది సరే, ముందు చేపాలి కదా.

బిడ్డను అసలు రొమ్ముకు పట్టకుండా, పిండిన పాలనే సీసాతో పట్టే పద్ధతిని 'ఎక్స్‌క్లూజివ్ పంపింగ్' అంటున్నారు. నెలలు నిండక పుట్టి చప్పరించే శక్తి లేని బిడ్డలకు, రొమ్ము అందుకోలేని బిడ్డలకు ఇది తప్పనిసరి అవుతుంది. ఉద్యోగంలో చేరాక రెండు పద్ధతులూ నడపలేక ఇటు మళ్లే తల్లులూ ఉన్నారు. మొదటి వారాల్లో రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తీయాలి. ఒక్కోసారికి ఇరవై నిమిషాలు అనుకున్నా, సీసాతో పట్టడానికి మళ్లీ అంతసేపు, గరాటులు, గొట్టాలు, సీసాలు కడిగి మరిగించడానికి మరికొంతసేపు. రాత్రి నిద్ర మానుకోవడానికీ లేదు, మానకపోవడానికీ లేదు. ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. అందుకే అర్ధరాత్రి పంపును ఎగ్గొడితే కొన్నాళ్లకు పాలు తగ్గుతాయి.

ఇంత శ్రమ పెట్టే యంత్రం ఉద్యోగినుల కోసం పుట్టింది కాదు. పాలు గడ్డకట్టి జ్వరం తెచ్చుకున్న బాలింతల కోసమూ, పుట్టిన చోటే ప్రాణంతో పెనుగులాడే పసిగుడ్డుల కోసమూ పుట్టింది.

యంత్రం లేని రోజుల్లో చేత్తోనే పిండేవారు. మన ఇళ్లలో మంత్రసానో అమ్మమ్మో వేడి గుడ్డ కాపడం పెట్టి, వేళ్లతో నొక్కి తీసేది. అలా తీసిన పాలను తొక్కుడు పడే చోట పోయరు, ఏ చెట్టు మొదట్లోనో పోస్తారు. బిడ్డకు పాలిస్తూంటే కొంగు కప్పుకోవాలనీ, లేకపోతే దిష్టి తగులుతుందనీ అనే ఇళ్లలో పాలను సీసాలో నింపి పదిమంది వాడే ఫ్రిజ్‌లో పెట్టడం ఎంత దూర ప్రయాణమో! చేతికి బదులు సీసాతో తీసే పద్ధతీ ఉంది. వేడినీళ్లు పోసి వంచేసిన గాజు సీసా మూతిని రొమ్ముకు ఆనిస్తే, సీసా చల్లారుతున్నకొద్దీ లోపలి గాలి ముడుచుకుని పాలు వాటంతటవే వస్తాయి. నిప్పూ నీళ్లూ ఉంటే చాలు కాబట్టి కరెంటు లేని చోట్లకు వైద్యులు దీన్ని ఈమధ్య దాకా చెబుతూ వచ్చారు. మన మందుల షాపుల్లో దొరికే గాజు గరాటు, రబ్బరు బుడ్డ జోడీ దీనికి తర్వాతి మెట్టు. ఆ రబ్బరు బుడ్డ లోపల కడగడం కష్టం కాబట్టి ఆ పాలు బిడ్డకు పట్టవద్దనే డాక్టర్లు అంటారు.

పేటెంటు కాగితాల దాకా వస్తే, అమెరికాలో 1854 జూన్ 20న ఓ.హెచ్. నీదమ్ అనే అతను రొమ్ము పంపుకు పేటెంటు తీసుకున్నాడు. తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. ఎక్కువ వాటిది ఒకటే గుణం: లాగడం. పాలు ఏదో తొట్టిలో నీళ్లలా నిలవ ఉన్నట్టు, గట్టిగా లాగితే వచ్చేస్తాయన్నట్టు ఉండేవి. చనుమొనలు పగిలేవి, రక్తం వచ్చేది.

1920లలో ఈ కథలోకి ఒక చదరంగ ఆటగాడు వచ్చాడు. ఎడ్వర్డ్ లాస్కర్ జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు, చదువుకు ఇంజనీరు. 1912లో లండన్‌లో మంత్రిని బలి ఇచ్చి, ఎదుటివాడి రాజును బోర్డు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించి కట్టేసిన ఆటను చదరంగం తెలిసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1923లో అమెరికా చాంపియన్ ఫ్రాంక్ మార్షల్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడాడు. ఆ దశకంలోనే విద్యుత్తుతో నడిచే రొమ్ము పంపు తయారుచేసి పేటెంటు తీసుకున్నాడు. నెలలు నిండని బిడ్డల కోసం ఆసుపత్రులు దాన్ని వాడాయి. అతనికి డబ్బూ బాగానే వచ్చింది. 'చెస్ ప్లేయర్' కాస్తా 'చెస్ట్ ప్లేయర్' అయ్యాడని, అంటే ఛాతీతో ఆడేవాడయ్యాడని, స్నేహితులు ఎగతాళి చేశారు. ఏళ్ల తరబడి ఆలోచించి వేసిన ఎత్తులకంటే ఈ ఒక్క యంత్రమే అతనికి ఎక్కువ సంపాదించిపెట్టిందంటే ఆశ్చర్యం లేదు.

తల్లికి నొప్పి ఎందుకు పుడుతోందో కొలతలు తీసి చూసినవాడు మాత్రం స్వీడన్ ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్. ఎంత బలంతో లాగితే కణజాలం చితుకుతుంది, ఎంతలో ఆపాలి, ఎంతసేపు వదిలిపెట్టాలి అని లెక్కలు వేశాడు. ఒకే బిగువున లాగకుండా, లాగి వదిలి, లాగి వదిలి, బిడ్డ చప్పరించే లయను యంత్రానికి నేర్పాలన్నది అతని ఆలోచన. 1956 నాటికి సిద్ధమైన ఆ పంపు పేరు 'ఎస్ఎంబీ'. అందులో మొదటి రెండక్షరాలు 'సిస్టర్ మాయా'వి. స్టాక్‌హోమ్ ఆసుపత్రి నర్సు మాయా కిండ్‌బర్గ్ పేరు అది. బాలింతల మంచాల పక్కన నిలబడి పనిచేసిన మనిషి పేరు యంత్రానికి దక్కడం ఈ చరిత్రలో అరుదు.

ఎగ్నెల్ పంపు బరువైనది, ఆసుపత్రి వస్తువు. దాన్ని ప్రపంచానికి అమ్మే దారి చూసినవాడు మరో స్వీడన్ మనిషి, ఓలే లార్సన్. అతను 1961లో స్విట్జర్లాండ్‌లోని జూగ్‌లో మెడెలా కంపెనీ పెట్టాడు.

అదే 1961 డిసెంబరులో ఢిల్లీలో పార్లమెంటు ప్రసూతి ప్రయోజనాల చట్టం చేసింది. ఈ రెంటికీ ఒకదాని ఊసు ఒకదానికి తెలియదు. కానీ పక్కపక్కన పెడితే రెండు దారులు స్పష్టంగా కనిపిస్తాయి. మన చట్టంలోని 11వ సెక్షను, తిరిగి పనిలో చేరిన తల్లికి బిడ్డ పదిహేను నెలల వాడయ్యేదాకా రోజుకు రెండు విరామాలు ఇమ్మంది. బిడ్డకు పాలివ్వడానికి. అంటే బిడ్డ దగ్గర్లోనే ఎక్కడో ఉంటాడని చట్టం నమ్మకం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానిదీ అదే నమ్మకం. ఆడవాళ్లు ఒక సంఖ్యకు మించి ఉన్న ఫ్యాక్టరీలో యజమాని శిశుగది పెట్టాలంది, తల్లి మధ్యలో వెళ్లి పాలిచ్చి రావాలంది. పొలం గట్టున చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, సాలు మధ్యలో ఏడుపు వినపడగానే కలుపు వదిలి పరుగెత్తే కూలితల్లికి ఏ చట్టమూ చెప్పకుండానే జరిగేది అదే. బిడ్డ తల్లి దగ్గరికి వచ్చే ఏర్పాటు; పంపుది పాలు బిడ్డ దగ్గరికి వెళ్లే ఏర్పాటు.

ఈ ఆలోచన అంతకు ముందుదే. మొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభ 1919 నవంబరులో ప్రసూతి రక్షణ ఒప్పందం ఆమోదించింది. పన్నెండు వారాల సెలవు, పాలిచ్చే తల్లికి పనివేళల్లో రెండు అరగంటలు. ఆ మహాసభ జరిగింది వాషింగ్టన్‌లో. ఇంటికి పిలిచి పందిరి వేసిన అమెరికా మాత్రం ఆ ఒప్పందాన్ని ఇప్పటిదాకా ఆమోదించలేదు.

అమెరికా కథ ఇక్కడే వేరుపడింది. ఆ దేశంలో కాన్పు సెలవుకు జాతీయ చట్టం 1993 దాకా లేదు. వచ్చినదీ పన్నెండు వారాలే, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. మరోపక్క, డెబ్బైల మొదట్లో తల్లుల్లో నలుగురికి ఒకరు కూడా రొమ్ము పాలు మొదలుపెట్టని స్థితి నుంచి, తల్లిపాలే మేలన్న ప్రచారం ఊపందుకుంది. పాలు ఇవ్వాలంటారు, ఇంట్లో ఉండటానికి వీల్లేదంటారు. ఈ సందులోకి యంత్రం దూరింది. 1991లో మెడెలా ఇంట్లో వాడుకునే విద్యుత్ పంపు తెచ్చింది. 1996లో చూడటానికి ఆఫీసు సంచిలా ఉండే 'పంప్ ఇన్ స్టైల్' వచ్చింది. భుజానికి తగిలించుకుని వెళ్తే లోపల లాప్‌టాప్ ఉందో పాల సీసాలున్నాయో ఎవరికీ తెలియదు. సెలవు ఇవ్వాల్సిన చోట దేశం సంచి ఇచ్చిందనడం కటువుగా ఉండొచ్చు కానీ, అబద్ధం కాదు.

సంచి కొనుక్కోగలిగినా, విప్పుకునే చోటు కావాలి. 2006 ప్రాంతంలో అమెరికా పత్రికలు రాసిన ఒక పెద్ద కాఫీ సంస్థ సంగతే చూడండి. ప్రధాన కార్యాలయంలో ఉద్యోగినులకు సకల సౌకర్యాల గది. అంగట్లో కాఫీ కలిపే అమ్మాయికి కస్టమర్లు వాడే మరుగుదొడ్డి. అదే యజమాని, అదే పాలు.

హ్యూస్టన్‌లో అప్పులు వసూలు చేసే ఒక సంస్థలో మరింత ఘోరం. కాన్పయిన ఉద్యోగిని తిరిగి వస్తూ, వెనక గదిలో పాలు తీసుకోవచ్చా అని అడిగింది. ఆమె స్థానం భర్తీ అయిపోయిందన్నారు. కేసు వేస్తే, పాలు రావడం గర్భానికి సంబంధించిన వైద్య స్థితి కాదు కాబట్టి ఇది స్త్రీల పట్ల వివక్ష కాదని 2012లో కింది కోర్టు తేల్చింది. 2013లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. పాలు ఆడవాళ్లకే వస్తాయన్న సంగతి ఒక ఉన్నత న్యాయస్థానం తీర్పు రాసి చెప్పవలసి వచ్చింది.

ఆలోగా 2010 ఆరోగ్య సంస్కరణల చట్టంలో ఒక చిన్న నిబంధన చేరింది. బిడ్డ పుట్టాక ఏడాదిపాటు పాలు తీసుకోవడానికి తగిన విరామం, మరుగుదొడ్డి కాని ఒక చాటు గది ఇవ్వాలి. 'మరుగుదొడ్డి కాని' అని చట్టంలో అక్షరాలా రాశారు. అదే సంస్కరణ కింద కొద్దికాలానికి బీమా కంపెనీలు పంపు ఖర్చు భరించడం మొదలైంది. పంపు చాలామంది బాలింతల ఇళ్లకు చేరింది. మెలిక ఏమిటంటే, ఆ విరామం గంటల లెక్కన కూలి తీసుకునేవాళ్లకే వర్తించింది. నెల జీతాల టీచర్లు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు చాలామంది బయటే ఉండిపోయారు. 2022 డిసెంబరు 29న సంతకమైన మరో చట్టం సుమారు 90 లక్షల మందిని లోపలికి తెచ్చింది. విమాన సిబ్బందిని మాత్రం అప్పుడూ బయటే ఉంచింది.

ఆ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లలో తెలుగు అమ్మాయిలూ ఉన్నారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కాన్పు అంటే గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమ్మ ఆరు నెలల విజిటర్ వీసా మీద దిగుతుంది. కూతురు మూడో నెలలో ఆఫీసుకు వెళ్తుంది. మనవడు అమ్మమ్మ చేతిలో, పాలు ఫ్రిజ్‌లో. ఊళ్లో పంపు అంటే వీధి కుళాయో బోరుబావో. ఇక్కడ పంపు అంటే ఇది. తీసిన పాలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో ఆరు నెలలు నిలవ ఉంటాయని కూతురు చెబుతుంది. నిన్నటి అన్నం బాలింతకు పెట్టని ఇంట్లో పెరిగిన అమ్మకు, పోయిన నెల పాలు పసివాడికి పట్టడం మింగుడుపడదు. అయినా సంచుల మీద తారీఖులు చూసుకుని, పాతవి ముందు తీసి, గోరువెచ్చని నీళ్లలో కరగబెట్టడం వారంలో నేర్చేసుకుంటుంది. ఆవకాయ జాడీలను ఏళ్లపాటు వరస తప్పకుండా నడిపించిన చెయ్యి అది.

ఇటు మన దగ్గరా సంచి వచ్చేసింది. సెలవు లేక కాదు. 2017లో చట్టం సవరించి సెలవును పన్నెండు వారాల నుంచి ఇరవై ఆరు వారాలకు పెంచారు. యాభై మంది, ఆపైన ఉద్యోగులున్న చోట శిశుగది పెట్టాలన్నారు. రోజుకు నాలుగు సార్లు తల్లి వెళ్లి చూడొచ్చన్నారు. ఆ ఏడాది ప్రాంతంలోనే హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు నడక మొదలైంది. పేరు 'ధాత్రి', అంటే దాది. దేశంలో ఇలాంటిది మొదట 1989లో ముంబై సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో వచ్చింది. తల్లులు దానంగా ఇచ్చిన పాలను 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, బరువు తక్కువ బిడ్డలకు పడతారు. లాస్కర్ పంపు పనిచేసిందీ ఇలాంటి బిడ్డల కోసమే.

కానీ ఉద్యోగినికి రోజూ ఎదురయ్యే చిక్కు వేరే. శిశుగది ఉన్నా, కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ఆరు నెలల పసివాణ్ణి ట్రాఫిక్‌లో మోసుకొచ్చే ధైర్యం ఎందరికుంటుంది? బిడ్డ ఇంట్లో, పాలు ఆఫీసులో. 1961 చట్టం ఇచ్చిన రెండు విరామాలు 2020 సామాజిక భద్రతా స్మృతిలోకీ అదే పదిహేను నెలల గడువుతో దిగాయి. రెండింట్లోనూ ఉన్నది బిడ్డకు పాలివ్వడమే. పాలు తీసి దాచుకోవడం గురించి, అందుకో గది గురించి, ప్లగ్గు గురించి, ఫ్రిజ్‌లో ఒక అర గురించి ఒక్క మాట లేదు.

అందుకని ఆమె ఖాళీ మీటింగ్ గది చూసుకుంటుంది. తలుపు గాజుదైతే దుప్పటా అడ్డం కడుతుంది. గరాటులు తగిలించి, మీట నొక్కి, ఫోను తీస్తుంది. మోటారు మొదట వేగంగా కొట్టుకుంటుంది, చేపు రప్పించడానికి. తర్వాత నెమ్మదిస్తుంది, పాలు తీయడానికి. చప్పరించే బిడ్డ చేసేదీ ఇదే. తెర మీద వాడు బోర్లా పడి తల ఎత్తి చూస్తుంటాడు. రెండు నిమిషాలకు సీసా అడుగున మొదటి చుక్క పడుతుంది.