ఉత్తరాంధ్ర సముద్ర వలస: ప్రభుత్వ పాత్ర, నిర్బంధ శ్రమ

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి కూలీలు సముద్రం దాటి వెళ్లడం పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. అప్పట్లో ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం, విశాఖపట్నం జిల్లాల కింద ఉండేది. ఈ వలసను కరువు, అప్పు, దళారీ మోసం అనే మూడు మాటల్లో చెప్పేయడం పరిపాటి. ఆ మూడూ నిజమే, కానీ కథ వాటితో పూర్తికాదు. ప్రభుత్వం గట్టున నిలబడి చూడలేదు. లైసెన్సులిచ్చింది, ఒప్పందాల మీద ముద్ర వేసింది, పని వదిలేసినవాణ్ణి శిక్షించింది. నేడు విదేశాలకు వెళ్లే నర్సుల విషయంలోనూ ప్రభుత్వ ముద్రే భరోసాగా కనిపిస్తుంది కాబట్టి ఈ చరిత్ర పాతబడలేదు. శ్రమ నిర్బంధమా కాదా తేల్చడానికి కార్మికుడు వెళ్లేటప్పుడు ఒప్పుకున్నాడా అని అడిగితే చాలదు. వద్దనుకున్న రోజున మానేసి ఇంటికి రాగలిగాడా అన్నది చూడాలి.

మారిషస్‌కు ఒప్పంద కూలీల రవాణా 1834లో మొదలైంది. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడ 'కోరంగి' అనే పేరే స్థిరపడింది. 1860లో 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి నేటాల్‌కు తొలి విడత కూలీలను చేర్చింది. ఫిజీకి 1903 నుంచి 1916 వరకు దక్షిణాది కూలీలను చేర్చుకున్నప్పుడు విశాఖపట్నం జిల్లావాళ్లూ అందులో ఉన్నారు. అన్నీ చట్టం ప్రకారమే జరిగాయి. రేవులో వలసల సంరక్షకుడనే అధికారి ఉండేవాడు, ఓడలో ప్రభుత్వం ఆమోదించిన వైద్యుడు ఉండేవాడు. ప్రాణాలతో దిగిన ఒక్కో కూలీకి ఇంత అని ఆ వైద్యుడికి చెల్లించేవారు. తోటలో పని మానడం మాత్రం నేరం. మారిషస్‌లో ఒకరోజు రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఒప్పంద కూలీ పద్ధతి రద్దయి 1920 నాటికి మిగిలిన ఒప్పందాలు కూడా ముగిశాయి.

ఉత్తరాంధ్రకు అంతకన్నా పెద్ద వలస బర్మాది. ఊళ్లలో దాన్ని 'రంగం పోవడం' అనేవారు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో కూలీలను ఎక్కించుకున్న ఓడలు రంగూన్‌లో దించేవి. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. అందువల్ల ఆ ప్రయాణం కాగితం మీద విదేశీ వలస కాదు, దానికి సంరక్షకుడూ లేడు. ఆ ఖాళీలో కూలీల ముఠా నాయకుడైన మేస్త్రీ నిలిచాడు. ఊళ్లో బయానా ఇచ్చేది అతనే, ఓడ కిరాయి కట్టేది అతనే, రంగూన్ బస్తీ గదిలో పడుకోబెట్టి అన్నం పెట్టించేదీ అతనే. బియ్యపు మిల్లులు, రేవు కంపెనీలు ముఠా కూలి మొత్తాన్ని మేస్త్రీ చేతికిచ్చేవి. అతను ప్రయాణం ఖర్చు, తిండి, వడ్డీ, తన వాటా మినహాయించుకుని మిగిలింది పంచేవాడు. లెక్క రాసేదీ అతనే, చదివేదీ అతనే. అడ్వాన్సు తీసుకుని పని వదిలినవాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టే 1859 నాటి 13వ చట్టం అతనికి అండ. ఆ చట్టాన్ని 1925లో గానీ రద్దు చేయలేదు. అంటే ప్రైవేటు అప్పుకు కోర్టు, పోలీసు కాపలా కాశాయి. మేస్త్రీ దుర్మార్గం గురించి చాలా రాశారు గానీ, అతని వెనకున్న ఈ చట్టం గురించి రాసింది తక్కువ.

దీన్ని నిర్బంధ శ్రమ అనడానికి బలమైన అభ్యంతరమే ఉంది. అంత ఘోరమైతే ఏటేటా ఎందుకు వెళ్లారు? 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు, రంగూన్‌లో సగానికి పైగా వాళ్లే. ఇంటి దగ్గర కన్నా కూలి ఎక్కువ, మనియార్డర్లు నిజంగానే వచ్చాయి. ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మెకట్టి కొంత పెంపు సాధించారు కూడా. కానీ ఆ సమ్మెలో యజమానులు పెట్టుకున్న బర్మీయులను తొలగించేసరికి 26న అల్లర్లు రేగాయి. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది భారతీయులే. కూలి ఎక్కువగా ఉండటం, కదిలే స్వేచ్ఛ లేకపోవడం ఒకే మనిషి బతుకులో కలిసి ఉండగలవు.

ఆ స్వేచ్ఛకు అసలు పరీక్ష 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేసినప్పుడు వచ్చింది. రేవు కూలీలూ, నగరం మలం ఎత్తే పాకీవాళ్లూ ప్రోం పట్టణం దారి పట్టారు. ఆ పనుల్లో తెలుగువాళ్లే ఎక్కువ. వాళ్లు లేకపోతే ఓడల సరుకు దిగదు, నగరం రోగాలపాలవుతుంది. బర్మా ప్రభుత్వం వాళ్లను దారిలో ఆపి వెనక్కి మళ్లించింది, వయసులో ఉన్న భారతీయ మగవాళ్లకు డెక్ టికెట్ల మీద ఆంక్షలు పెట్టింది. అత్యవసర సేవ అన్న పేరు మీద, కూలికి వచ్చినవాడు కదలకూడని వాడయ్యాడు. మార్చిలో రంగూన్ పడిపోయింది. 4 లక్షలకు పైగా భారతీయులు అరకాన్, మణిపూర్ దారుల్లో నడిచి వచ్చారు, వేలమంది దారిలోనే పోయారు.

ప్రజారోగ్యం పేరుతో మనిషి కదలికను ప్రభుత్వం చేతిలో పెట్టుకోవడం నేడు వైద్యుల విషయంలో కనిపిస్తోంది. 1963లో అల్జీరియాతో మొదలైన క్యూబా వైద్య బృందాలు పేదదేశాల్లో ఎందరికో ప్రాణం పోశాయి. 2013లో మొదలైన బ్రెజిల్ పథకంలో వైద్యుడి తలకు నెలకు 10,000 రియాల్‌లు చెల్లిస్తే, అతని చేతికి వచ్చింది నాలుగో వంతు దరిదాపుల్లో. మిగతాది స్వదేశంలో ఆసుపత్రులు నడపడానికేనని క్యూబా సమాధానం. అది పన్ను లాంటిదని ఒప్పుకోవచ్చు. పని వదిలేసిన వైద్యుణ్ణి ఎనిమిదేళ్లు స్వదేశంలో అడుగుపెట్టనివ్వకపోవడాన్ని మాత్రం పన్ను అనలేం.

మన నర్సుల పరిస్థితి వేరు. వాళ్ల జీతంలో ప్రభుత్వం వాటా తీసుకోదు. 2015 ఏప్రిల్ 30 నుంచి గల్ఫ్ సహా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ ఉన్నాయి. ఆ నిర్ణయానికి కారణం లేకపోలేదు. 19,500 రూపాయలు తీసుకోవాల్సిన చోట కువైట్ వెళ్లే నర్సుల నుంచి 19.5 లక్షల చొప్పున వసూలు చేశారని అదే ఏడాది కేరళలో సీబీఐ కేసు పెట్టింది. నిందితుల్లో కొచ్చి వలసల సంరక్షకుడే ఉన్నాడు. రుసుము విషయంలో ప్రభుత్వ సంస్థ మేలు, అందులో వాదన అక్కర్లేదు. అయితే అది బయలుదేరే రేవును బాగుచేసిందే గానీ అవతలి ఒడ్డును కాదు. ఉద్యోగం మారడం, ఇంటికి రావడం గమ్యదేశం చట్టం చేతిలో ఉంటాయి. ఖతార్ 2018 నుంచి ఎక్కువమంది కార్మికులకు నిష్క్రమణ అనుమతిని ఎత్తేసింది. కువైట్ 2025 జూలై 1 నుంచి ప్రైవేటు రంగంలోని విదేశీ ఉద్యోగులు దేశం దాటాలంటే యజమాని అనుమతి ఉండాలంది.