ఎవరూ కూర్చోని కుర్చీ

మన బడి మాక్ పార్లమెంటులో స్పీకర్ కుర్చీకే పోటీ ఎక్కువ. ప్రసంగం బట్టీ పట్టక్కర్లేదు, గంట కొడితే చాలు కదా! పసిఫిక్ సముద్రంలోని నౌరు దేశంలో మాత్రం ఒక ఏడాది ఆ కుర్చీ పెద్ద తలనొప్పి అయింది.

నౌరు 21 చదరపు కిలోమీటర్ల ద్వీపం. ఫాస్ఫేటు తవ్వి అమ్ముకుని బతికింది. 1968లో స్వతంత్రమైంది. అధ్యక్షుణ్ణి పార్లమెంటు సభ్యులే ఎన్నుకుంటారు. స్పీకర్‌కు ఓట్లు సమానమైనప్పుడే ఓటు. అప్పట్లో సభ్యులు 18 మంది. 2010 ఏప్రిల్ ఎన్నికల్లో బలాలు తొమ్మిదికి తొమ్మిది. తమ మనిషిని కుర్చీకి పంపిన పక్షానికి ఎనిమిదే మిగులుతాయి. మరి ఎవరు పంపుతారు? జూన్‌లో మళ్లీ ఎన్నికలు పెట్టినా చిక్కు తీరలేదు. సరిసంఖ్యతో సభను కట్టడం డిజైన్ లోపమేనని నా ఇంజనీరు బుద్ధికి అనిపిస్తుంది.

చివరికి నవంబరు 1న స్పీకరైనవారు లుడ్విగ్ స్కాటీ. అనబార్ సభ్యుడు. అంతకుముందూ స్పీకర్‌గా చేశారు, రెండుసార్లు దేశాధ్యక్షుడిగానూ ఉన్నారు: 2003లో రెండు నెలల పైచిలుకు, 2004 నుంచి మూడున్నరేళ్లు. 2007 డిసెంబరులో అవిశ్వాస తీర్మానంతో ఆయన్ని దించాక ఆ పదవిలోకి వచ్చింది మార్కస్ స్టీఫెన్. ఇప్పుడు స్కాటీ స్పీకరైన రోజే సభ స్టీఫెన్‌ను మళ్లీ అధ్యక్షుడిగా ఎన్నుకుంది! నాకైతే స్కాటీ రెండు అధ్యక్ష పదవులకన్నా ఈ ఒక్క రోజే పెద్దది.

2013 ఎన్నికలకు సభ్యుల సంఖ్య 19 చేశారు. స్కాటీ మళ్లీ స్పీకరయ్యారు. 2016లో అనబార్‌లోనే ఓడిపోయారు.