అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక విద్య

అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక విద్య అనగా మూడు నుండి ఆరు సంవత్సరాల లోపు పిల్లలకు, వారు బడిలో చేరకముందు, అంగన్‌వాడీ కేంద్రాలలో ఆటపాటల ద్వారా ఉచితంగా అందించే విద్య. భారతదేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) క్రింద ఇది 1975 నుండి అమలులో ఉన్నది. దేశంలో సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. వ్యవసాయ కూలీలు, భవన నిర్మాణ కార్మికులు, గిరిజనులు మొదలగు అల్పాదాయ కుటుంబాల పిల్లలలో చాలామందికి ఇదే మొదటి బడి. కేంద్రాలు ఊరూరా ఏర్పడినప్పటికీ, వాటిలో చదువుకు దక్కే సమయం తక్కువగా ఉండటం ఈ వ్యవస్థలోని ప్రధాన లోపం.

పేరు

"అంగన్" అనగా ముంగిలి. "వాడీ" అనగా తోట. ఇంటి ముంగిట పెరిగే తోట వంటి బడి అని ఈ పేరుకు భావం. బాలవాడీ అనే పాత పదం కూడా కొన్ని ప్రాంతాలలో వాడుకలో ఉన్నది. కేంద్రాన్ని నడిపే మహిళను అధికారికంగా అంగన్‌వాడీ కార్యకర్త అని, ఆమెకు తోడుగా వంట, శుభ్రత చూసుకునే మహిళను సహాయకురాలు అని అంటారు. తెలుగు గ్రామాలలో వీరిని సాధారణంగా టీచరు, ఆయా అని పిలుస్తారు.

చరిత్ర

బాలవాడీ ఉద్యమం

భారతదేశంలో పసిపిల్లల విద్యకు బాటలు వేసినవారిలో గిజూభాయి బధేకా (1885-1939) ముఖ్యుడు. వృత్తిరీత్యా న్యాయవాది అయిన ఈయన 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరాన్ని స్థాపించి, మాంటిస్సోరి పద్ధతిని భారతీయ పరిస్థితులకు అనుగుణంగా మలిచాడు. ఆయన సహచరి తారాబాయి మోడక్ (1892-1973) ఈ విద్య పట్టణాలలోని కలిగినవారి పిల్లలకే పరిమితం కారాదని భావించింది. ఆమె 1945లో నేటి మహారాష్ట్రలోని బోర్డీ గ్రామంలో గ్రామీణ బాల విద్యా కేంద్రాన్ని ప్రారంభించింది. అనూతాయి వాఘ్ (1910-1992) ఆమెకు తోడుగా నిలిచింది. తరువాత వీరి కృషి సమీపంలోని కోస్‌బాడ్ కొండపై, వార్లీ గిరిజనుల మధ్య కొనసాగినది.

తల్లిదండ్రులు పనికి వెళ్ళగా పిల్లలు బడికి రాలేకపోవటం వీరు గమనించారు. పిల్లలు బడికి రాలేనప్పుడు బడినే పిల్లల ముంగిటికి తీసుకువెళ్ళారు. అంగన్‌వాడీ అన్న ఆలోచన ఇక్కడ పుట్టినదే. ఖరీదైన బోధనా పరికరాలకు బదులుగా గింజలు, ఆకులు, గులకరాళ్ళు, గవ్వలు మొదలగు స్థానిక వస్తువులను వాడారు. పశువులను మేపే పిల్లల కోసం పచ్చిక బయళ్ళలోనే బడి నడిపారు. ఈ సేవలకు గాను తారాబాయి మోడక్‌కు 1962లో పద్మభూషణ్, అనూతాయి వాఘ్‌కు 1985లో పద్మశ్రీ పురస్కారాలు లభించాయి.

ఐసీడీఎస్ ఆరంభం

1974లో భారత ప్రభుత్వం జాతీయ బాలల విధానాన్ని ప్రకటించినది. దానికి కొనసాగింపుగా 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులలో ప్రయోగాత్మకంగా ఐసీడీఎస్ ప్రారంభమైనది. ఆకలితో, జబ్బుతో ఉన్న బిడ్డ నేర్చుకోలేడు కనుక ఆహారం, ఆరోగ్యం, విద్య మూడింటినీ ఒకేచోట అందించాలన్నది ఈ పథకపు మూలసూత్రం. ఇందులో ఆరు సేవలు ఉన్నాయి:

* అనుబంధ పోషకాహారం
* పూర్వ ప్రాథమిక విద్య
* పోషకాహార, ఆరోగ్య విద్య
* వ్యాధి నిరోధక టీకాలు
* ఆరోగ్య పరీక్షలు
* అవసరమైన వారిని ఆసుపత్రులకు పంపటం

విస్తరణ

మొదటి పాతికేళ్ళలో ఈ పథకం క్రమక్రమంగా విస్తరించినది. అయినా అనేక దళిత వాడలు, గిరిజన గూడేలు, పట్టణ మురికివాడలు దీని పరిధికి వెలుపలే మిగిలాయి. ఆహార హక్కుపై పౌరహక్కుల ప్రజాసంఘం (పీయూసీఎల్) 2001లో సుప్రీం కోర్టులో దాఖలు చేసిన వ్యాజ్యం ఈ పరిస్థితిని మార్చినది. ప్రతి జనావాసంలోనూ అంగన్‌వాడీ కేంద్రం ఉండాలని న్యాయస్థానం 2001 నవంబరులో ఆదేశించినది. 2006 డిసెంబరు 13న ఇచ్చిన ఉత్తర్వులో, 2008 డిసెంబరు నాటికి కేంద్రాల సంఖ్యను 14 లక్షలకు పెంచాలని గడువు విధించినది. ఆరేళ్ళ లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, కేంద్రం లేని ఆవాసాలవారు అడిగినచో మూడు నెలలలోగా కేంద్రాన్ని మంజూరు చేయాలని కూడా ఇదే ఉత్తర్వు తెలిపినది.

మైదాన ప్రాంతాలలో 400 నుండి 800 జనాభాకు ఒక కేంద్రం, 150 నుండి 400 జనాభాకు ఒక మినీ కేంద్రం ఉండాలన్నది ప్రభుత్వ ప్రమాణం. గిరిజన, కొండ ప్రాంతాలలో 300 నుండి 800 జనాభాకే ఒక కేంద్రాన్ని మంజూరు చేయవచ్చును.

చట్టపరమైన స్థితి

పద్నాలుగు సంవత్సరాల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని రాజ్యాంగంలోని 45వ అధికరణం మొదట నిర్దేశించినది. అందులో కింది వయోపరిమితి లేదు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీం కోర్టు పద్నాలుగేళ్ళ లోపు బాలలకు ఉచిత విద్య ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినది. అయితే 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 21-ఎ అధికరణం ఈ హక్కును 6 నుండి 14 సంవత్సరాల వారికే వర్తింపజేసినది. ఆరేళ్ళ లోపు పిల్లల సంరక్షణ, విద్య సవరించిన 45వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా మిగిలినది. అనగా ప్రభుత్వం అందుకు ప్రయత్నించవలెనే గాని, అది అందలేదని పౌరులు నేరుగా న్యాయస్థానంలో హక్కుగా కోరటానికి వీలులేదు.

విద్యాహక్కు చట్టం (2009) లోని 11వ సెక్షను కూడా మూడేళ్ళు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య కోసం ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయవచ్చునని మాత్రమే చెప్పినది. దీనికి భిన్నంగా, 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుండి ఆరేళ్ళ వరకు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారాన్ని హక్కుగా గుర్తించినది. ఆ విధంగా ఒకే కేంద్రంలో కూర్చున్న బిడ్డకు పళ్ళెంలోని అన్నంపై చట్టబద్ధమైన హక్కు ఉన్నది, పలకపై లేదు.

కేంద్రం పనిచేసే విధానం

మూడు నుండి ఆరేళ్ళ పిల్లలు ఉదయం కేంద్రానికి వస్తారు. వారికి ఉదయపు అల్పాహారం, మధ్యాహ్నం వేడి భోజనం పెడతారు. 2009లో సవరించిన ప్రమాణాల ప్రకారం ఈ వయసు పిల్లలకు రోజుకు 500 కిలో కాలరీల శక్తి, 12 నుండి 15 గ్రాముల మాంసకృత్తులు అందించవలసి ఉండేది. సంవత్సరానికి 300 రోజులు ఆహారం ఇవ్వాలి. మూడేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు కూడా కేంద్రం ద్వారా పోషకాహారం అందుతుంది.

బోధన పాఠ్యపుస్తకాల ద్వారా కాక కథలు, అభినయ గేయాలు, బొమ్మలు, రంగులు, ఆకారాలు, లెక్కింపు ఆటల ద్వారా సాగాలి. విన్నది తిరిగి చెప్పటం, వస్తువులను పోల్చి వేరుచేయటం, తోటివారితో కలిసి మెలగటం, సొంతగా చేతులు కడుక్కుని తినటం వంటివి ఈ దశలో నేర్వవలసిన విషయాలు. అక్షరాలు దిద్దించటం కంటే వాటికి తగిన సంసిద్ధత కలిగించటమే ఈ విద్య లక్ష్యం. ఇంట్లో పుస్తకాలు లేని, చదువుకున్న పెద్దలు లేని పిల్లలకు ఈ సంసిద్ధత కేంద్రంలోనే లభించాలి. లేనిచో వారు ఒకటో తరగతిలో అడుగుపెట్టిన రోజుననే వెనుకబడి ఉంటారు.

నాణ్యతా సమస్యలు

కార్యకర్త సమయం

కేంద్రంలో టీచరు ఒక్కరే. పిల్లల బరువు, ఎత్తు కొలవటం, ఆహార నిల్వల లెక్కలు, రికార్డులు, గృహ సందర్శనలు, టీకాల రోజున తల్లులను సమీకరించటం, సర్వేలు ఈమె విధులలోనివే. 2021 నుండి పోషణ్ ట్రాకర్ అనే మొబైల్ అప్లికేషన్‌లో వివరాలు నమోదు చేయటం కూడా వీటికి తోడైనది. ఆహారం పెట్టకపోయినా, లెక్కలు పంపకపోయినా వెంటనే బయటపడుతుంది. కథ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అందువలన పని ఒత్తిడి పెరిగినప్పుడు మొదట తగ్గిపోయేది చదువు సమయమే.

వేతనం, శిక్షణ

కార్యకర్తలను ప్రభుత్వం ఉద్యోగులుగా కాక గౌరవ సేవకులుగా పరిగణిస్తుంది. వారికి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2018 అక్టోబరు నుండి కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం ఇది కార్యకర్తకు నెలకు రూ. 4,500, సహాయకురాలికి రూ. 2,250. దీనికి రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. 2022 ఏప్రిల్ 25న గుజరాత్‌కు చెందిన కేసులో సుప్రీం కోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పినది.

పని వేళలు

కేంద్రం మధ్యాహ్నం తరువాత మూతపడితే, సాయంత్రం వరకు కూలిపనిలో ఉండే తల్లికి బిడ్డను చూసుకునేవారు ఉండరు. పనులను బట్టి ఊళ్ళు మారే వలస కార్మికుల పిల్లలకు కేంద్రమే అందుబాటులో ఉండదు. భవన నిర్మాణ స్థలాలలో పిల్లల కోసం 1969లో మీరా మహదేవన్ ఢిల్లీలో ప్రారంభించిన మొబైల్ క్రెచెస్ సంస్థ ఈ లోటును తీర్చే తొలి ప్రయత్నాలలో ఒకటి.

ప్రైవేటు బడుల ప్రభావం

నాలుగేళ్ళు నిండగానే చాలామంది తల్లిదండ్రులు అప్పు చేసి అయినా పిల్లలను ఎల్‌కేజీలో చేర్పిస్తారు. ఆంగ్ల మాధ్యమం, యూనిఫారం, హోంవర్కు ఉంటేనే చదువు అన్న నమ్మకం ఇందుకు కారణం. అయితే పసిపిల్లలచేత గంటల తరబడి వ్రాయించటం, వల్లె వేయించటం వారి వయసుకు తగినది కాదని విద్యావేత్తల అభిప్రాయం.

అధ్యయనాలు

ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్, యూనిసెఫ్ కలిసి నిర్వహించి 2017లో వెలువరించిన అధ్యయనం అస్సాం, రాజస్థాన్, తెలంగాణ రాష్ట్రాలలో గ్రామీణ బాలలను నాలుగేళ్ళ వయసు నుండి ఎనిమిదేళ్ళ వరకు పరిశీలించినది. ఎక్కువమంది పిల్లలు ఏదో ఒక పూర్వ ప్రాథమిక కేంద్రానికి వెళ్తున్నా, ఐదేళ్ళ వయసులో వారి బడి సంసిద్ధత ఆశించిన స్థాయిలో లేదని ఇందులో తేలినది. అంగన్‌వాడీలలో బోధన అతి తక్కువగా ఉండగా, ప్రైవేటు బడులలో అది ఒకటో తరగతి చదువును ముందుకు జరిపినట్లుగా ఉన్నది.

కార్తిక్ మురళీధరన్, అలెహాండ్రో గానిమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ఆర్థికవేత్తలు తమిళనాడులోని నాలుగు జిల్లాలలో 320 అంగన్‌వాడీలపై ఒక ప్రయోగం జరిపారు. కొన్ని కేంద్రాలలో చదువు చెప్పటానికే ప్రత్యేకంగా మరొక కార్యకర్తను సగం రోజుకు నియమించారు. ఆ కేంద్రాలలో బోధన సమయం రెట్టింపు అయినది. 18 నెలల తరువాత పిల్లల గణిత, భాషా సామర్థ్యాలు గణనీయంగా మెరుగుపడ్డాయి. పాత కార్యకర్తకు ఆరోగ్య, పోషణ పనులకు వెసులుబాటు కలగటంతో పిల్లలలో ఎదుగుదల లోపం కూడా తగ్గినది. ఈ ఏర్పాటుకయ్యే ఖర్చుకు 13 నుండి 21 రెట్ల ప్రయోజనం దీర్ఘకాలంలో చేకూరగలదని వారు అంచనా వేశారు. కొత్త భవనాలు, ఖరీదైన పరికరాలు లేకుండా కేవలం మరొక మనిషిని నియమించటం వలననే ఈ మార్పు రావటం గమనార్హం.

తెలుగు రాష్ట్రాలలో

ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. పిల్లలకు కోడిగుడ్డు, బాలామృతం అందించటం ఇక్కడి కేంద్రాల ప్రత్యేకత. ఆంధ్రప్రదేశ్‌లో 2020 తరువాత అంగన్‌వాడీ తరగతులకు పీపీ-1, పీపీ-2 అన్న పేర్లు పెట్టి, కొన్ని కేంద్రాలను ప్రాథమిక పాఠశాలల ఆవరణలోనికి చేర్చారు. దీనివలన పిల్లలు బడికి సులువుగా అలవాటు పడతారు. అయితే బడి దూరమైనచో మూడేళ్ళ బిడ్డ అక్కడకు చేరటం కష్టం కనుక ముంగిటి బడి అన్న మూలభావన దెబ్బతినే అవకాశం ఉన్నది.

వేతనాల పెంపు, గ్రాట్యుటీ తదితర కోరికలతో ఆంధ్రప్రదేశ్‌లోని కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబరు 12 నుండి సమ్మె చేశారు. 2024 జనవరిలో ప్రభుత్వం అత్యవసర సేవల నిర్వహణ చట్టాన్ని (ఎస్మా) ప్రయోగించినది. 42 రోజుల తరువాత సమ్మె ముగిసినది.

సంస్కరణలు

2013లో భారత ప్రభుత్వం తొలిసారిగా జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానాన్ని ఆమోదించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా గుర్తించి, 2030 నాటికి పిల్లలందరికీ నాణ్యమైన పూర్వ ప్రాథమిక విద్య అందించాలని లక్ష్యం పెట్టుకున్నది. ఇంటర్మీడియట్ లేదా ఆపైన చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ శిక్షణ, అంతకంటే తక్కువ చదివినవారికి ఒక సంవత్సరపు డిప్లొమా ఇవ్వాలని సూచించినది. 2023 మే నెలలో ప్రారంభించిన "పోషణ్ భీ పఢాయీ భీ" (పోషణతో పాటు చదువు) కార్యక్రమం రోజుకు కనీసం రెండు గంటలు బోధన జరగాలని నిర్దేశించినది. దీనికి అనుబంధంగా 2024లో "ఆధార్‌శిలా" అనే పాఠ్య ప్రణాళిక విడుదలైనది. అయితే ఆ రెండు గంటలు టీచరు చేతిలో మిగలాలంటే ఆమె ఇతర విధులను తగ్గించటమో, మరొకరిని నియమించటమో తప్పనిసరి.

ఇతర దేశాలలో

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పేద కుటుంబాల పిల్లల కోసం 1965లో హెడ్ స్టార్ట్ పథకం ప్రారంభమైనది. ఆహారం, ఆరోగ్యం, విద్య ఒకేచోట అందించటంలో దీనికి, ఐసీడీఎస్‌కు పోలిక ఉన్నది. అదే దేశంలో మిచిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి పట్టణంలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగంలో 123 మంది పేద నల్లజాతి పిల్లలను దశాబ్దాల పాటు పరిశీలించారు. పసితనంలో మంచి బడికి వెళ్ళినవారు పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారని, తక్కువగా నేరాల పాలయ్యారని తేలినది. అయితే అక్కడ శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కొద్దిమంది పిల్లలకే బోధించి, వారానికొకసారి ఇళ్ళకు కూడా వెళ్ళేవారు. కావున కేంద్రాన్ని తెరిచినంత మాత్రాన అవే ఫలితాలు రాగలవని భావించరాదు.

ఇవి కూడా చూడండి

* సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం
* విద్యాహక్కు చట్టం
* గిజూభాయి బధేకా
* తారాబాయి మోడక్
* మారియా మాంటిస్సోరి
* మధ్యాహ్న భోజన పథకం