లేజర్ శస్త్రచికిత్స అనంతరం రాత్రిచూపు

కళ్లజోడు మానేందుకు లాసిక్ శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో కొందరికి పగటిచూపు నిర్మలంగానే ఉన్నా, చీకటి పడగానే ఇబ్బంది మొదలవుతుంది. వారు వరాలా తలావ్ గట్టున నిలిచి చూస్తే, చంద్రునికి వరదగుడి కట్టినట్లు ఒక్కొక్క దీపం చుట్టూ వెలుగువలయం కనిపించవచ్చు. ఎదురువచ్చే టెంపో దీపాలనుండి నక్షత్రకిరణాలవలె గీతలు చిమ్ముతాయి.

దీనిని రేచీకటిగా పొరబడేవారున్నారు. రేచీకటి విటమిన్ ఎ లోపంవల్లగాని, రెటీనా వ్యాధులవల్లగాని కలుగుతుంది. ఇక్కడి చిక్కు కంటి ముందుభాగమైన కార్నియాలో ఉన్నది. ఆకుకూరలతో తీరదు.

లాసిక్‌లో కార్నియా పైపొరను మూతవలె లేపి, 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్‌తో లోపలి కణజాలాన్ని స్వల్పంగా చెక్కి, మూతను తిరిగి పరుస్తారు. చుట్టుపక్కల కణజాలం కాలకుండా ఈ లేజర్ చెక్కగలదని 1981లో ఐ.బి.ఎం. పరిశోధనశాలలో కనుగొన్నవారిలో మద్రాసులో జన్మించిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. ఈ సంగతి మన పిల్లలకు చెప్పదగినది. చెక్కి సవరించే భాగం సాధారణంగా 6 నుండి 6.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. చీకటిలో యువకుల కంటిపాప 7 మిల్లీమీటర్లకు మించి విప్పారవచ్చు. అప్పుడు ఆ భాగపు అంచులగుండా ప్రవేశించిన కాంతి ఒకేచోట కేంద్రీకరింపబడక చెదరిపోతుంది. అయితే పాప పరిమాణమే ఏకైక కారణం కాదు. ముందున్న అధిక మైనస్ పవర్, సవరణ తరువాత మిగిలిన కొద్దిపాటి పవర్, కన్ను పొడిబారడం కూడా కారణాలే. సాంచాల మధ్య దూది నుసిలో పనిచేసేవారు ఈ చివరిదానిని తేలికగా తీసుకోరాదు.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ పాల్గొన్న అధ్యయనాల ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ముందు ఏ లక్షణమూ లేనివారిలో 40 శాతానికి పైగా, మూడు నెలల తరువాత వలయాలు, మెరుపులవంటి కొత్త లక్షణం ఏదో ఒకటి కనిపిస్తున్నదని తెలిపారు. నిత్యకృత్యాలకు తీవ్రమైన అడ్డంకి అన్నవారు 1 శాతం లోపే. అంకె చిన్నదే. కాని రాత్రిపాళీలో తెగిన పోగును పట్టవలసినవానికి, నాసిక్ రహదారిపై బట్ట మూటలు తోలే డ్రైవరుకు ఆ ఒక్క శాతమే జీవనాధారం. వెలుగున్న గదిలో అక్షరఫలకంలోని ఆఖరి వరుస చదవగలిగినా రాత్రిచూపు సంగతి తేలదు. కనుక శస్త్రచికిత్సకు ముందే తన రాత్రిపనిని వైద్యునికి చెప్పి, చీకటిలో పాప కొలతను, కార్నియా మందాన్ని, ఆకృతిని పరీక్షింపజేసుకోవాలి.

ఎక్కువమందిలో ఈ లక్షణాలు 3 నుండి 6 నెలల్లో తగ్గుముఖం పడతాయి. అప్పటివరకు రాత్రి వాహనం నడపకుండుట మేలు. తగ్గనిచో కన్నీటి చుక్కలు, రాత్రిపూటకు స్వల్ప పవర్ కళ్లజోడు, పాపను కొద్దిగా ముడిచే చుక్కల మందు, అరుదుగా మరల లేజర్ సవరణ వైద్యులు సూచిస్తారు. నొప్పి, ఎరుపు, లేక ఉన్నట్టుండి చూపు మందగించడం వేరు సంగతి; ఆనాడే ఆసుపత్రికి వెళ్లాలి.